సాక్షి సంతకం

తమ్ముడూ, చెల్లే,

ఈసారి సంతకి పోయినప్పుడో, హాస్టల్ నుంచి ఇంటికి వచ్చేటప్పుడో, బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒక్క పని చెయ్యండి. భద్రాచలం దాటాక గానీ, ఇటు సారపాక, పాల్వంచ వైపు గానీ, రోడ్డు పక్కన పాతిన రాళ్లు చూడండి. నిరుడు పత్తి చేను ఉన్న చోట ఇయ్యేడు ఎర్రమట్టి పోసిన దారి ఉంటది. దారికి రెండు పక్కలా సున్నం కొట్టిన చిన్న చిన్న రాళ్లు ఉంటయ్. ఆ రాళ్ల మధ్య ఉన్నదాన్ని ఇప్పుడు చేను అనరు, ప్లాటు అంటరు. ఎకరాల్లో కొన్నది గజాల్లో అమ్ముతరు. ఫోన్లో మెసేజ్ వస్తది: "ఏజెన్సీ ప్లాటు, నోటరీ, రేటు తక్కువ."

రేటు ఎందుకు తక్కువో కొనేటోడికి తెలుసు, అమ్మేటోడికీ తెలుసు. రిజిస్ట్రేషన్ కాదు గనక. రిజిస్ట్రేషన్ ఎందుకు కాదు అంటే, ఆ భూమి గిరిజనేతరుడు కొనకూడని భూమి గనక. అంటే ఆ మెసేజ్‌లోనే నేరం ఒప్పుకోలు ఉంది. అయినా ఎవరూ ఉలిక్కిపడరు. అంత అలవాటైపోయింది మనకు.

నేను ఇంటర్ చదివే రోజుల్లో మా మేనమామ రోడ్డు పక్కన అరెకరం ఇట్లాగే ఇచ్చేశాడు. అత్తకి ఆపరేషన్. చేతిలో రూపాయి లేదు. బ్యాంకోళ్లు తిప్పి పంపారు. ఒకాయన ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని, చాయ్ తాగి, వంద రూపాయల స్టాంపు పేపరు తీశాడు. మామకి చదువు రాదు, వేలిముద్ర వేశాడు. "చదువుకున్న పిల్లోడివి, నువ్వు సాక్షి సంతకం పెట్టు" అన్నారు నన్ను. పెట్టాను. ఇంట్లో అందరి ముందు నన్ను పెద్దోణ్ణి చేసినట్టు అనిపించింది ఆ రోజు. కాగితంలో ఏముందో పూర్తిగా చదవలేదు.

ఆ అరెకరంలో ఇప్పుడు షాపులున్నయ్. అందుకే ఈ మాటలు దూరం నుంచి చెప్తున్నయి కావు. నా సంతకం కూడా ఆ రాళ్ల కింద ఉంది.

ముందు చట్టం ఏమంటుందో సూటిగా చెప్పుకుందాం. మనలో చాలామందికి "వన్ ఆఫ్ సెవెంటీ" అనే పేరు తెలుసు, లోపల ఏముందో తెలియదు. మన్యంలో భూమి చేతులు మారకుండా కాపాడాలన్న ఆలోచన బ్రిటిష్ కాలంలోనే 1917 చట్టంతో మొదలైంది. భద్రాచలం అప్పుడు గోదావరి ఏజెన్సీలో భాగం. తర్వాత 1959లో భూ బదలాయింపు నిబంధనలు వచ్చినయ్. అదే ఏడాది భద్రాచలం తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాలో కలిసింది. 1963లో ఆ నిబంధనల్ని తెలంగాణ ప్రాంతానికి కూడా వర్తింపజేశారు. 1970లో చేసిన సవరణే మనం చెప్పుకునే 1/70.

ఈ 1/70 మూడు మాటలు చెప్తుంది. మొదటిది, షెడ్యూల్డ్ ప్రాంతంలో స్థిరాస్తిని ఎవరు ఇచ్చినా, అంటే ఇచ్చేవాడు గిరిజనుడైనా గిరిజనేతరుడైనా, తీసుకునేది గిరిజనుడో, గిరిజనుల సహకార సంఘమో అయి ఉండాలి. లేకుంటే ఆ బదలాయింపు చెల్లదు. రెండోది, ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే ముందుగా అనుకోవాలి. కాదు అంటే, కాదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత అతనిది, మనది కాదు. మూడోది, అట్లాంటి భూమి నుంచి ఆక్రమణదారుణ్ణి ఖాళీ చేయించి, ఇచ్చినవాడికో అతని వారసులకో తిరిగి అప్పజెప్పే అధికారం అధికారులకు ఉంది. ఈ చట్టం రాజ్యాంగానికి విరుద్ధమని పోయినోళ్లు సుప్రీంకోర్టు దాకా పోయారు. 1988లో సుప్రీంకోర్టు చట్టమే సరైందని చెప్పింది. 1997లో సమత తీర్పు ఇంకో అడుగు ముందుకేసి, ప్రభుత్వానికి కూడా ఇది వర్తిస్తుందని, ఏజెన్సీ భూముల్ని గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వకూడదని చెప్పింది.

ఇంకో ముఖ్యమైన సంగతి. చట్టంలో "బదలాయింపు" అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, లీజు, దానం, మార్పిడి, ఆ ఆస్తికి సంబంధించిన ఒప్పందం, అన్నీ దాని కిందికే వస్తయ్. కాబట్టి "ఇది అమ్మకం కాదు, ఉత్త అగ్రిమెంటే", "తొంభైతొమ్మిదేళ్ల లీజే" అని ఎవడన్నా చెప్తే, వాడికి చట్టం తెలియదు, లేకపోతే మీకు తెలియదని వాడి నమ్మకం. నోటరీ అనేది కాగితం మీద సంతకం పెట్టింది ఫలానా మనిషే అని చెప్పే ముద్ర మాత్రమే. చెల్లని పనిని అది చెల్లేటట్టు చెయ్యదు.

మరి ఇంత గట్టి చట్టం ఉండగా ఈ రాళ్లు ఎట్లా లేస్తున్నయ్? ఇక్కడే మనం నిజం మాట్లాడుకోవాలి.

దారులు నాలుగు. ఒకటి, పాత తేదీ. 1970కి ముందే, లేదా తెలంగాణ వైపు అయితే 1963కి ముందే కొన్నట్టు కాగితం పుట్టిస్తరు. రెండు, వీలునామా. చట్టంలో బదలాయింపు అన్న మాటకి వీలునామా వెలుపల ఉంది, ఆ సందులోంచి దూరతరు. మూడు, బినామీ. డబ్బు గిరిజనేతరుడిది, పేరు గిరిజనుడిది. పట్టా మనోడి పేర, పంట, అద్దె, షాపు అన్నీ వాడివి. నాలుగు, ఏ ముసుగూ లేని తెల్ల కాగితం. ఎవరూ అడగరన్న ధైర్యం. దాని మీద ఇల్లు కడితే పంచాయతీ ఇంటి నంబరు ఇస్తది, కరెంటు మీటరు వస్తది, ఇంటి పన్ను రసీదు వస్తది. పదేళ్లు పోయాక ఆ రసీదులనే చూపించి "మేము ఎప్పటినుంచో ఉన్నాం, రెగ్యులరైజ్ చెయ్యండి" అని అడుగుతరు.

ఈ నాలుగు దారుల్లో ఒకటి గమనించండి. పాత తేదీ కాగితానికి ఊళ్లో ఎవరూ నోరు మెదపకుండా ఉండాలి. వీలునామాకి మన ముసలాయన వేలిముద్ర కావాలి. బినామీకి మన కులం సర్టిఫికెట్ కావాలి. తెల్ల కాగితానికి మన సాక్షి కావాలి. మనం లేకుండా ఒక్క దారి కూడా తెరుచుకోదు. చట్టానికి కన్నం ఉందంటే, ఆ కన్నం మన ఇంటి గోడలోనే ఉంది. నేను చెప్పాలనుకుంది ఇదే.

బయటోడు రాకూడదు అని ధర్నా చెయ్యడం మనకు తెలుసు. మనవాడు సంతకం పెట్టకూడదు అని ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవడం మనకు ఇంకా రాలేదు. ఇప్పుడు బ్రోకర్లలో మన పిల్లలు కూడా ఉన్నారు. డిగ్రీ చదివి, ఉద్యోగం రాక, బండి మీద తిరుగుతూ "అన్నా, మా ఊళ్లో రోడ్డు బిట్టు ఉంది" అని చెప్పి కమీషన్ తీసుకునేటోళ్లు. వాళ్లని తిట్టడం తేలిక. కానీ నేను వాళ్ల కంటే ముందే, కమీషన్ కూడా లేకుండా, ఉత్త పొగడ్తకి సంతకం పెట్టినోణ్ణి.

పట్టణం ఎందుకు మన మీదికి ఇంతగా నెట్టుకొస్తుందో కూడా అర్థం చేసుకోవాలి. భద్రాచలం గుడి ఊరు. ఏటా శ్రీరామనవమికి, ముక్కోటికి జనం తండోపతండాలుగా వస్తరు. లాడ్జీలు కావాలి, హోటళ్లు కావాలి, పార్కింగ్ కావాలి. 2014లో పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాల భూమి ఆంధ్రప్రదేశ్‌లోకి పోయింది. భద్రాచలం మండలంలో పట్టణం మాత్రమే తెలంగాణలో మిగిలింది. ఒక పక్క గోదావరి, మిగతా పక్కల పక్క రాష్ట్రం. ఊరు పెరగడానికి చోటు లేకపోయేసరికి గజం విలువ పెరిగింది, బ్రోకర్ల కన్ను చుట్టుపక్కల గూడేల మీద పడింది.

గోదావరి సంగతి కూడా మర్చిపోకండి. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. నీళ్లు ఎక్కడిదాకా వస్తయో మన ముసలోళ్లకి తెలుసు, అందుకే అక్కడ ఇల్లు కట్టకుండా చేను వేసుకున్నారు. ఇప్పుడు ఆ పల్లం మీదే మట్టి పోసి ప్లాట్లు వేస్తున్నారు. కొన్న పేదోడు వరదకి మునిగి పునరావాస కేంద్రంలో కూర్చుంటడు. అమ్మినోడు ఖమ్మంలోనో హైదరాబాద్‌లోనో మిద్దె మీద ఉంటడు.

ఈ ఊరి కథ ఎక్కడ మొదలైందో గుడి చరిత్ర చెప్పేటోళ్లే చెప్తరు. రామదాసు గుడి కట్టడానికి ముందే, కొండ మీద విగ్రహాల్ని చూసి, పందిరి వేసి, పండు పెట్టి కొలిచింది పోకల దమ్మక్క అనే ఆదివాసీ స్త్రీ అని కథనం. ఆ దమ్మక్క మనవరాళ్లు ఇప్పుడు ఈ ఊళ్లో ఏ చోట ఉన్నారు? సంత రోజు రోడ్డు అంచున గోనె పరిచి చింతపండు, ఇప్పపువ్వు, కుంకుళ్లు అమ్ముతున్నారు. హాస్టల్లోనో, అద్దె గదిలోనో ఉంటున్నారు. సొంత ఏజెన్సీలో, తమ పేరు మీద తప్ప బదలాయింపు జరగకూడని భూమి మీద కట్టిన ఇంట్లో, నెల నెలా గిరిజనేతరుడికి అద్దె కడుతున్నారు. ఇది తలకిందులైన లెక్క కాదా?

గూడెం పక్కన ప్లాట్లు పడితే పోయేది అరెకరమే కాదు. మొదట దారి పోతది. పశువులు పొలానికి పోయే బాటకి అడ్డంగా గోడ లేస్తది. తర్వాత వాగు పోతది, మట్టి పోసి పూడుస్తరు. కొలుపు చేసుకునే చెట్టు, పెద్దల్ని పూడ్చిపెట్టిన చోటు ఏదో ఒక ప్లాటు నంబరు కింద పోతయ్. భూమి పండుగకి డోలు కొడితే కొత్త కాలనీవాళ్లు "సౌండ్ తగ్గించండి" అంటరు. ఆఖరికి గ్రామసభలో లెక్క మారుతది. సర్పంచ్ సీటు మనకే రిజర్వు, కానీ వార్డుల్లో చేతులెత్తేది ఎవరు, తీర్మానం రాసేది ఎవరు?

అప్పుడు ఇంకో మాట మొదలవుతది: "ఊరు పెరిగింది, మున్సిపాలిటీ చెయ్యాలి." వినడానికి అభివృద్ధిలాగే ఉంటది. కానీ రాజ్యాంగంలో 243 జెడ్‌సీ అధికరణం చూడండి. మున్సిపాలిటీల భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకు వర్తించదు. పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేస్తేనే వర్తిస్తది. పంచాయతీలకు పెసా వచ్చింది 1996లో. పట్టణాలకు అట్లాంటి చట్టం రాలేదు. పంచాయతీ ఉన్నంతకాలమే పెసా గ్రామసభ ఉంటది. గ్రామసభ పోతే భూమి గురించి అడిగే మన నోరు పోతది. పాల్వంచ, మణుగూరులను మున్సిపాలిటీలు చేసి, ఏళ్ల తరబడి ఎన్నికలే లేకుండా నడిపిన సంగతి మన కళ్ల ముందే ఉంది.

ఇప్పుడు మన యువకుల్లో కొందరు అడిగే ప్రశ్నకి వద్దాం. "అన్నా, ఈ 1/70 వల్లే గదా మా భూమికి రేటు లేదు. ఖమ్మం పక్కన ఎకరం ఉన్నోడు కోటీశ్వరుడైండు. మా నాయనకి అయిదెకరాలున్నా ఆపరేషన్‌కి అప్పు పుట్టదు. ఈ చట్టం మమ్మల్ని కాపాడుతుందా, కట్టేస్తుందా?"

ఈ ప్రశ్నని దులిపేసుకోవద్దు. మా మామ మంచం మీద ఉన్న ప్రశ్న కూడా ఇదే. జవాబు రెండు భాగాలు.

ఒకటి, చట్టం లేని చోట మనవాళ్ల గతి ఏమైంది? చట్టం ఉండగానే ఏమైందో చూడండి. 2000ల దశకంలో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వమే చెప్పిన లెక్కల్లో, భూ బదలాయింపు కేసులు సుమారు 72 వేలు, భూమి మూడు లక్షల ఎకరాల పైచిలుకు. గిరిజనులకు తిరిగి వచ్చింది దాదాపు లక్ష ఎకరాలు. లక్షన్నర ఎకరాలకు పైగా గిరిజనులకు వ్యతిరేకంగా తీర్పు వచ్చింది. కాపలా ఉంటేనే ఇంత పోయింది. కాపలా తీసేస్తే రేటు రావడం నిజమే, కానీ ఆ రేటు మన చేతికి ఒక్కసారే వస్తది. ఖమ్మం పక్కన కోటీశ్వరుడైనోడు తన ఊళ్లోనే, తన కులపోళ్ల మధ్యనే, తన భాషలోనే ఉన్నాడు. మనం అమ్మితే మనకి ఇంకో ఊరు లేదు.

రెండు, అవసరం నిజం. ఆ అవసరానికి చట్టంలోనే ఒక తలుపు ఉంది, దాన్ని మనకు ఎవరూ చూపించలేదు. భూమి అమ్ముకోవాల్సి వచ్చి, కొనే గిరిజనుడు దొరకకపోతే, లేదా తగిన ధరకి ఒప్పుకోకపోతే, ఏజెన్సీ అధికారికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ప్రభుత్వమే పరిహారం ఇచ్చి ఆ భూమిని తీసుకోవచ్చు, దాన్ని మళ్లీ గిరిజనులకే ఇవ్వాలి. ఆ పరిహారం భూ గరిష్ఠ పరిమితి చట్టం లెక్కన కడతరు గనక మార్కెట్ ధరకి చాలా తక్కువ. మనం పోరాడాల్సింది ఇక్కడ. "1/70 తీసెయ్యండి" అని కాదు, "ఆ పరిహారం సరైన ధరకి పెంచండి, ఐటీడీఏలో దానికి నిధి పెట్టండి, ఆపదలో ఉన్నోడికి వారంలో డబ్బు అందేటట్టు చెయ్యండి" అని. అట్లాంటి నిధి ఉండి ఉంటే మా మామ ఆ మంచం మీద స్టాంపు పేపరు చూసేవాడు కాదు.

చట్టం మనకి ఇంకోటి కూడా వదిలింది. గిరిజనుల సహకార సంఘం భూమి తీసుకోవచ్చు. రోడ్డు పక్కన అయిదుగురికి తలా కొంచెం ఉంటే, అయిదుగురూ అయిదు తెల్ల కాగితాల మీద అమ్మే బదులు, ఒక సంఘంగా కలిసి షాపులో, యాత్రికులకు గదులో వాళ్లే ఎందుకు కట్టుకోకూడదు? చెప్పినంత తేలిక కాదు. లోను కావాలి, లెక్కలు రాసేటోళ్లు కావాలి, ఒకరినొకరు నమ్మాలి. కానీ మన పిల్లలు కామర్స్ చదువుతున్నారు, సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్నారు. ఆ చదువు బ్రోకరు బండి వెనక సీటుకే ఎందుకు పోవాలి?

ఇక ప్లాటు కొన్న చిన్న మనుషుల గురించి ఒక మాట. ఆటో నడిపేటోడు, కూలి చేసుకునేటోడు, చిన్న ఉద్యోగి, చిట్టీ పాడి గజాల్లో కొనుక్కుంటడు. వాడు మన శత్రువు కాదు. వాడి చేతిలో ఉన్నది కూడా చెల్లని కాగితమే. ఎకరం లెక్కన కొని గజం లెక్కన అమ్మి, మధ్యలో తిన్నోడే మనిద్దర్నీ మోసం చేసినోడు. "డబ్బు తీసుకుని మళ్లీ భూమి అడగడం న్యాయమా" అని మనల్ని అడుగుతరు. మనకి ముట్టిందెంత, మధ్యలో ఆగిందెంత అనే లెక్క ముందు బయటపెట్టమనండి. న్యాయం గురించి తర్వాత మాట్లాడుదాం.

మరి మనం ఏం చెయ్యాలి? పెద్ద పెద్ద మాటలొద్దు. అయిదు పనులు చాలు.

మీ కులం సర్టిఫికెట్‌ని, మీ ఆధార్‌ని ఎవరి భూమికీ అప్పు ఇవ్వకండి. స్నేహితుడైనా, పై ఆఫీసరైనా సరే.

ఇంట్లో ఎవరు వేలిముద్ర వేస్తున్నా, కాగితం మొత్తం గట్టిగా చదివి వినిపించండి. మన భాషలో అర్థం చెప్పండి. సాక్షి సంతకం మాత్రం పెట్టకండి.

మీ ఊళ్లో పోయిన భూముల జాబితా రాయండి. సర్వే నంబరు, ఎవరిది, ఎప్పుడు పోయింది, ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది. ముసలోళ్లు బతికుండగానే రాయండి. కోర్టులో మనం ఓడిపోయేది ఎక్కువగా ఈ వివరం లేకనే.

ఆ జాబితాని గ్రామసభలో పెట్టి తీర్మానం చెయ్యండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి అన్యాక్రాంతం కాకుండా ఆపే, పోయింది తిరిగి ఇప్పించే అధికారం గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీకి ఉండాలని పెసా చట్టమే చెప్తుంది. 2011లో నియమాలు కూడా వచ్చినయ్.

భూ బదలాయింపు కేసులు చూసే స్పెషల్ డిప్యూటీ కలెక్టర్‌కి దరఖాస్తు ఇవ్వండి. సంబంధం ఉన్న ఎవరైనా ఇవ్వొచ్చు. దరఖాస్తు లేకపోయినా అధికారి తనంతట తానే కేసు తీసుకోవచ్చు. తీసుకోకపోతే ఎందుకు తీసుకోలేదని సమాచార హక్కు కింద అడగండి.

మా మామ ఇప్పుడు పెద్దవాడైపోయాడు. ఆపరేషన్ తర్వాత అత్త తొమ్మిదేళ్లు బతికింది. "భూమి పోతే పోయింది, మనిషి దక్కింది గదరా" అంటడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, ఉండకూడదు కూడా. కానీ మనిషినీ భూమినీ పక్కపక్కన పెట్టి ఒకటి ఎంచుకోమని ఎవరు అడుగుతున్నారో, ఆ అడిగేటోణ్ణి నిలదియ్యడం నా పని. పోయిన నెల మా మామ తరఫున దరఖాస్తు రాశాను. వేలిముద్ర వెయ్యకముందు మొత్తం చదివి వినిపించాను, రెండుసార్లు. కింద సహాయం చేసినవారి పేరు రాసే చోట నా పేరు రాసి సంతకం పెట్టాను.

మీ ఊళ్లో రాళ్లు ఎక్కడెక్కడ లేచినయ్? రాయడం మొదలుపెట్టండి.

మావ నాటే మావ రాజ్.